డాల్డా డబ్బాల్లో హెరాల్డు

ఒరే, ఆ కొబ్బరి మట్ట ఇంకాస్త లోపలికి తొయ్యి. పొగంతా నా మీదికే వస్తోంది. ఆఁ, ఇప్పుడు వినండి. అంబాసిడర్ కబుర్లు చాలాసార్లు విన్నారు, బస్సులకి బాడీలు కట్టిన కబుర్లూ విన్నారు. హెరాల్డు సంగతి ఎప్పుడూ చెప్పినట్టు లేదు. దాన్ని బాగుచేసిన కథ కొంతే, అమ్మిన కథే పెద్దది. అదీ కారుగా అమ్మలేదు, ముక్క ముక్కగా అమ్మాం. మాస్టారూ నేనూ కలిసి.

మా కాలంలో రోడ్డు మీద కనబడేవి మూడు రకాల కార్లే. కలకత్తా పక్కన ఉత్తరపారాలో అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ఫియట్, మద్రాసు పక్కన వండలూరులో స్టాండర్డ్ హెరాల్డు. జీపుల లెక్క వేరు. హెరాల్డు మన దేశంలో 1961లో మొదలైంది. ఇంగ్లండులో అంతకు రెండేళ్ళ ముందే, 1959లో, ట్రయంఫ్ హెరాల్డు అన్న పేరుతో వచ్చింది. దాని రూపం గీసినవాడు ఇటలీ వాడు, మికెలోత్తి అని. ఇక్కడి కంపెనీ స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కాబట్టి ఇక్కడ స్టాండర్డ్ హెరాల్డు అయింది. మొదట్లో రెండే తలుపులు. వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచి లోపలికి దూరాలి. పెళ్ళికి వెళ్ళే ఆడవాళ్ళు పట్టుచీర నలిగిపోయిందని తిట్టుకునేవాళ్ళు. 1960ల చివర్లో మద్రాసు వాళ్ళు నాలుగు తలుపులు పెట్టారు. కారు పుట్టిన ఇంగ్లండులో నాలుగు తలుపుల హెరాల్డు లేనే లేదు, అది మన సొంతం.

అంబాసిడర్ పక్కన నిలబెడితే అది పిల్లకారు. 948 సీసీ ఇంజను, మొత్తం బరువు సుమారు 800 కిలోలు. గేరు రాడ్డు కింద, చేతి పక్కనే ఉండేది. అంబాసిడర్‌కీ ఫియట్‌కీ అప్పట్లో స్టీరింగు కిందే గేరు. హెరాల్డు పాతిక అడుగుల చోటుంటే చాలు, గుండ్రంగా తిరిగొచ్చేసేది. గవర్నరుపేట సందుల్లో ప్లీడర్లూ డాక్టర్లూ దాన్నే ఇష్టపడ్డారంటే కారణం అదే. మాకు, అంటే మెకానిక్కులకి, ఇష్టం బానెట్టు వల్ల. బానెట్టూ ముందు మడ్‌గార్డులూ లైట్లూ అన్నీ ఒకే ముక్క. వెనక్కాల కొక్కాలు వదిలేసి ఎత్తితే మొసలి నోరు తెరిచినట్టు మొత్తం ముందుకి లేచిపోతుంది. ఇంజను చుట్టూ ఏమీ అడ్డుండదు. ముందు చక్రం మీద హాయిగా కూర్చుని కార్బురేటరు విప్పుకోవచ్చు. ఇప్పటి కార్లలో బల్బు మార్చాలంటే బంపరు ఊడదీయమంటున్నారు.

దాని పుట్టుకలో ఒక తమాషా ఉంది, అది చెప్పకపోతే మిగతా కథ తలకెక్కదు. ఇంగ్లండులో స్టాండర్డ్ కంపెనీకి బాడీలు చేసిచ్చే సంస్థ ఒకటుండేది, ఫిషర్ అండ్ లడ్లో అని. 1953లో దాన్ని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ కొనేసుకుంది. అంటే పోటీవాడు. రేపు కొత్త కారు చెయ్యాలంటే బాడీ కోసం పోటీవాడి గుమ్మంలో నిలబడాలి. సొంతంగా పెద్ద బాడీ కొట్టుకునే అచ్చులూ ప్రెస్సులూ వీళ్ళకి లేవు. అప్పుడేం చేశారంటే, అడుగున విడిగా ఒక చాసిస్ పెట్టారు. పైన బాడీని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి, ఒక్కోటి ఒక్కో చోట చేయించి, తెచ్చి బోల్టులతో బిగించారు. ముందు భాగం, నడిమి తొట్టి, వెనక భాగం, పైకప్పు, దేనికది విడిగానే. ఫియట్‌కీ అంబాసిడర్‌కీ విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. వాటిని ముక్కలు చెయ్యాలంటే గ్యాస్ కట్టరు పెట్టాలి. హెరాల్డుకి పానాల సెట్టు చాలు.

మాస్టారు దాన్ని కొన్నదీ ఆ ధైర్యంతోనే.

ఆయన సైన్సు మాస్టారు. ఉయ్యూరు దగ్గర హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేను ఆయన దగ్గర చదువుకోలేదు, మా తమ్ముడు చదువుకున్నాడు. ఆటోనగర్లో నా షెడ్డుకి ఒకరోజు రిక్షాలో వచ్చి, "అబ్బాయ్, గవర్నరుపేటలో ఒక ప్లీడరు గారింట్లో హెరాల్డు పడుంది, వచ్చి చూస్తావా" అన్నారు. వెళ్ళి చూశాం. రెండు తలుపుల పాత మోడలు. పోర్టికోలో నాలుగు టైర్లూ నేలకంటుకుని ఉంది. సీట్లో ఎలకలు పిల్లలు పెట్టాయి. అయినా అద్దాలన్నీ ఉన్నాయి, మీటర్లున్నాయి, తలుపుల పిడులున్నాయి. పాత బండి కొనేటప్పుడు ఇంజను తిరుగుతుందా లేదా అని అందరూ చూస్తారు. నేను అద్దాలు చూస్తాను. ఇంజను ఎవడైనా బాగుచేస్తాడు. వంపు తిరిగిన ముందద్దం పగిలితే ఎవడు చేసిస్తాడు?

అప్పటికే మద్రాసు కంపెనీ చేతులెత్తేసింది. హెరాల్డు తరవాత 1972లో గజెల్ అని తెచ్చారు, 1977తో అదీ ఆగింది. కొన్నేళ్ళు కార్లే లేవు. 1985లో స్టాండర్డ్ 2000 అని పెద్ద కారొకటి తెచ్చి, 1988కల్లా అదీ ఆపేశారు. 1983 డిసెంబరులో మారుతీ వచ్చాక డబ్బున్నవాళ్ళంతా అటే పరిగెత్తారు. అలాంటి రోజుల్లో మాస్టారు రిటైర్మెంటు డబ్బులోంచి తీసి హెరాల్డు కొన్నారంటే ఊళ్ళోవాళ్ళు నవ్వకేం చేస్తారు. అమ్మగారైతే నవ్వలేదు. గేదెల పాక ఖాళీ చేయించి కారుని అందులో పెట్టించారు ఆయన. ఆవిడ చాలాకాలం పాలు కొనుక్కోవాల్సి వచ్చింది. ఆ మాట సందర్భం దొరికినప్పుడల్లా అనేవారు.

విప్పడం మాత్రం మాస్టారే స్వయంగా విప్పారు. నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. నేను మా కుర్రాళ్ళతో బండి విప్పితే బోల్టులన్నీ ఒకే తొట్టిలో కిరసనాయిల్లో పడేస్తాను, బిగించేటప్పుడు చేతికి ఏది తగిలితే అది. ఆయనకది నచ్చదు. ఊరంతా తిరిగి ఖాళీ డాల్డా డబ్బాలూ, పాలపొడి డబ్బాలూ, హార్లిక్స్ సీసాలూ పోగుచేశారు. ఒక్కో డబ్బాలో ఒక్కో చోటి బోల్టులు. మీద కాగితం ముక్క అంటించి, నల్లసిరాతో రాత. "ఎడమ తలుపు, పై కీలు. 3 బోల్టులు. ఒకటి అసలుది కాదు." అలా రాసేవారు. అసలుది కాదని రాయడం ఎందుకు మాస్టారూ, ఎవరు చూడొచ్చారు అంటే, "రేపు నేనే చూస్తానుగా" అనేవారు.

ఇంజను నా దగ్గరికే వచ్చింది. బ్లాకు బోరింగుకి పంపాం, క్రాంకు గ్రైండింగుకి పంపాం, హెడ్డు ఫేసింగు చేయించాం. ఓవర్‌సైజు పిస్టన్లు మద్రాసు నుంచి తెప్పించాం. అన్నీ బిగించి, రంగు వేసి, చెక్క స్టాండు మీద కూర్చోబెట్టి దుప్పటి కప్పాం. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. పాత బండి మొదలుపెట్టిన ప్రతివాడూ ముందు ఇంజనే చేయిస్తాడు. అది మంచి పని, చేతికి నూనె అంటుతుంది, ఫలితం కనబడుతుంది. తుప్పు పని ఎవడికీ ఇష్టముండదు. అడుగున ఏముందో చూడ్డానికి భయం కూడానూ.

ఆ భయం ఎందుకో బాడీ ఎత్తిన రోజు తెలిసింది. మాస్టారి పాత శిష్యులు కొందరు వచ్చారు. కింద వెదురు బొంగులు దూర్చి, నడిమి తొట్టిని ఎత్తి పక్కన పెట్టారు. చాసిస్ మధ్యన రెండు దూలాలు బాగానే ఉన్నాయి, సుత్తితో కొడితే గంట మోగినట్టు మోగాయి. పక్కలకి చాచిన రెక్కలుంటాయి, బాడీ నిలబడేది వాటి మీద. వాటిని కొడితే సుత్తి లోపలికి పోయింది. తొట్టి అడుగు రేకూ అంతే. మన డెల్టా తేమలో ఇనుము ఏపాటి నిలుస్తుంది? ఒక్క వానాకాలం పచ్చిగడ్డి పక్కన పెడితే చాలు. రెండు రెక్కలు కొత్తగా చేయించి వెల్డింగు పెట్టించాం. మిగతావి చేయించేలోగా ఆయన కుడిచేతికి వణుకు మొదలైంది. పానా పట్టుకుంటే నట్టు మీద నిలిచేది కాదు. అలా ఒక సంవత్సరం, రెండు సంవత్సరాలు, ఇంకెన్నో. దుప్పటి మీద దుమ్ము పేరుకుంది. ఇంతలో హైదరాబాదులో కొడుకు ఇల్లు కట్టాడు, వచ్చెయ్యమన్నాడు. ఊళ్ళో ఇల్లు బేరం కుదిరింది. కొన్నవాడు సంక్రాంతి లోపల పాక ఖాళీ చెయ్యమన్నాడు.

మాస్టారు నన్ను పిలిపించి, అరుగు మీద కూర్చోబెట్టి, ఒక తెల్లకాగితం చేతికిచ్చారు. రెండు వరసలు రాసి ఉన్నాయి. ఒకవైపు, కారు పూర్తి కావాలంటే ఇంకా కావలసినవి. రెండోవైపు, పూర్తయిన హెరాల్డుకి బజార్లో ఇవాళ వచ్చే ధర. మొదటి వరస మొత్తం రెండోదాన్ని ఎప్పుడో దాటిపోయింది, అదీ అప్పటిదాకా పెట్టిన ఖర్చు కలపకుండా. "లెక్క తప్పుందేమో చూడు" అన్నారు. తప్పేం లేదు. ఆయన కళ్ళలో నీళ్ళేమీ తిరగలేదు, మీరు సినిమాలు చూసి అలా అనుకుంటారేమో. లెక్క తేలింది కాబట్టి తేలికపడ్డారు.

మొదట కారు మొత్తం ఒకరికే ఇచ్చేద్దామని చూశాం. ఏమ్మా, ఇందాకట్నుంచి అదే అడుగుతున్నావుగా, ఒక్కడికి అమ్మేస్తే పోయేది కదా అని. చూశాం తల్లీ. ముందు తుక్కు కొట్టు వాడొచ్చాడు. చాసిస్, తొట్టి, ఇంజను, తలుపులు అన్నీ కలిపి కాటా మీద పెట్టి కిలో లెక్కన ఇస్తానన్నాడు. ఇత్తడికి వేరే రేటట. బోరింగు చేయించి పిస్టన్లు వేసిన ఇంజనుకీ కిలో లెక్కే, బీడు ముద్దకీ కిలో లెక్కే. వాణ్ణి తప్పు పట్టను, వాడి వ్యాపారం అది.

తరవాత మద్రాసు పుదుపేట నుంచి ఒకాయన వచ్చాడు. పుదుపేటంటే పాత బండ్ల సామానుకి పెట్టింది పేరు. ఆయనకి వస్తువు విలువ తెలుసు. అందుకే అద్దాలూ, లైట్లూ, క్రోము ముక్కలూ, మీటర్లూ ఏరుకుని వీటికి ఇంత అన్నాడు. మిగతావి మీరే ఉంచుకోండన్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి. ఆగిపోయిన బండిని విడిగా అమ్మేటప్పుడు మొదట వచ్చేవాడు మీగడ తినేసి పోతాడు. మెరిసే సామాను పోయిందంటే మిగతాదాని కోసం ఎవడూ గడప తొక్కడు. అప్పుడు కాటావాడే దిక్కు.

మూడోవాడున్నాడు, వాడి సంగతి వేరు. బుల్లెట్ మీద, తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కారు వైపు చూడనైనా చూడలేదు. "మాస్టారూ, మీకు కాగితాలున్నాయిగా. ఆర్‌సీ బుక్కూ, చాసిస్ నంబరు రేకూ ఇచ్చెయ్యండి చాలు. కారు మీరే ఉంచుకోండి" అన్నాడు. పుదుపేట ఆయన చెప్పినదానికంటే ఎక్కువే ఇస్తానన్నాడు. అమ్మగారి మొహం విప్పారింది, కారూ ఉంటుంది, డబ్బూ వస్తుంది! నాకు మాత్రం అర్థమైంది. ఎక్కడో దొంగ బండి ఒకటుంటుంది, దానికి ఈ నంబరు తగిలిస్తారు. మాస్టారు కూడా నిదానంగా అడిగారు: "బాబూ, నా పేరున ఉన్న నంబరు ఇంకో కారు మీద తిరుగుతుంటే, అది రేపు ఎవరినైనా గుద్దితే, పోలీసులు ఎవరింటికి వస్తారు?" వాడు మళ్ళీ కనబడలేదు.

అప్పుడు మాస్టారన్నారు, "ఈ కారు ముక్కలుగా పుట్టింది, ముక్కలుగానే పోనీ. కానీ ప్రతి ముక్కా పనికొచ్చే చోటికి పోవాలి." ఇంగ్లీషు పేపర్లో చిన్న ప్రకటన వేయించారు. నాలుగు లైన్లు. స్టాండర్డ్ హెరాల్డు, రెండు తలుపులు, బాగుచెయ్యడం మొదలుపెట్టి ఆపినది, విడిభాగాలుగా ఇవ్వబడును, కావలసినవి రాసి పంపండి. ఫోను నంబరు ఇవ్వలేదు. ఫోనులో బేరం మొదలవుతుంది, కార్డు మీద అయితే కావలసింది రాస్తారని ఆయన లెక్క.

కార్డులొచ్చాయి. నేననుకున్నదానికంటే ఎక్కువే. ఇళ్ళల్లో, షెడ్లలో, ఇలాగే సగం విప్పి ఆపేసిన హెరాల్డులు దక్షిణాదిలో ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలిసింది. ఒకాయనకి కుడివైపు తలుపద్దం లేదు, ఇంకొకాయనకి వెనక లైటు గాజు లేదు. ఒక్క ముక్క కోసం మొత్తం బండి నిలిచిపోయిన వాళ్ళే అందరూ. మాస్టారు నలభై పేజీల నోటుబుక్కులో ఒక్కో భాగానికి ఒక్కో గీత గీసి, ఎవరు అడిగారో రాశారు. నెల రోజులు ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. అందరి కోరికలూ వచ్చాక అప్పుడు పంచడం మొదలుపెట్టారు. అద్దం అడిగినవాడికి అద్దం ఒక్కటే ఇవ్వరు. తలుపు, దాని అద్దం, అద్దం ఎత్తే మిషను, రబ్బరు బీడింగు, పిడి, అన్నీ ఒక కట్ట. కట్టగా తీసుకుంటేనే. మాస్టారికి వ్యాపారం తెలీదనుకున్నాను గానీ, నాకంటే బాగా తెలుసు.

కోయంబత్తూరు నుంచి ఒకాయన స్వయంగా వచ్చారు. మిల్లులో ఇంజనీరు. ఆయనదీ రెండు తలుపుల హెరాల్డే, నడిచే బండి. తలుపుల కట్టలు రెండూ, ముందద్దం, మీటర్లూ ఆయనకి. ముందు చక్రాల సెట్టు కూడా కావాలన్నారు. అక్కడ ఒక ముచ్చట జరిగింది. హెరాల్డు ముందు చక్రాన్ని నిలబెట్టే ఇనుప నిలువు కింద కొసన ట్రనియన్ అని ఒక గన్‌మెటల్ దిమ్మ ఉంటుంది. చక్రం పక్కకి తిరిగినప్పుడల్లా ఆ నిలువు మర దిమ్మలో తిరుగుతుంది. దానికి గేరాయిల్ పొయ్యాలి, గ్రీజు కాదు. కంపెనీ చెప్పింది అదే. మన షెడ్లలో ఏం చేస్తారు? నిప్పిలు కనబడితే గ్రీజు గన్ను పెట్టి కొట్టేస్తారు. గ్రీజు లోపల గట్టిపడుతుంది, నీళ్ళు దిగుతాయి, నిలువు మరలో తుప్పు పడుతుంది. ఒకరోజు నడిరోడ్డు మీద అది పుటుక్కున విరిగి చక్రం లోపలికి మడతపడిపోతుంది. గుంటూరు రోడ్డులో ఒక హెరాల్డు అలా కూలబడితే క్రేను కట్టి తెచ్చాం మేం.

మాస్టారు ఆ సెట్టుని కోయంబత్తూరాయన ముందు పెట్టి, కుడివైపుది చూపించి, "ఇది బాగుంది. ఎడమదాని మరలో గీత ఉంది, నా కంటికి చిట్లినట్టే ఉంది. ఇది నడిచే బండికి వెయ్యకండి" అన్నారు. నేను పక్కనుంచి కాలు తొక్కాను కూడా. కోయంబత్తూరాయన అడగలేదు, చూడలేదు. ఏకమొత్తంగా బేరం అయిపోయాక ఇప్పుడెందుకు? మాస్టారు నా కాలు పక్కకి జరిపి, ఎడమదాని ధర తగ్గించేశారు. ఆ మిల్లు ఇంజనీరు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత రేడియేటరు కూడా తీసుకుంటానన్నారు, దాని గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా. మాస్టారు చేసింది మంచితనమని అంటారు, కాదనను. కానీ దూరాన ఉన్నవాడికి చూడకుండా కొనే ధైర్యం అక్కణ్ణుంచే వచ్చింది. మిగతా సామానంతా కార్డు మీదే అమ్ముడుపోయింది.

ఇంజనూ గేరుబాక్సూ బెంగుళూరాయనకి. ఆయనది గజెల్. అదే 948 ఇంజను కాబట్టి ఇబ్బంది లేదు. వెనక యాక్సిలు కూడా పంపమని రాశాడు. అది సరిపోదు. హెరాల్డుకి వెనక చక్రాలు దేనికది విడిగా ఊగుతాయి, అడ్డంగా ఒకే కమాను కట్ట వాటిని మోస్తుంది. మలుపులో వేగం పట్టుకుంటే చక్రం లోపలికి ముడుచుకునేది, ఆ గొడవ చాలామంది ఎరిగిందే. గజెల్‌కి మద్రాసు వాళ్ళు దాన్ని తీసేసి గట్టి యాక్సిలు పెట్టారు. అందుకని యాక్సిలు మిగిలింది. దాన్ని ఒక పాలిటెక్నిక్ వాళ్ళు అడిగారు, పిల్లలకి చూపించడానికి. మాస్టారు దానికి డబ్బు తీసుకోలేదు, లారీ ఖర్చు కూడా ఆయనే పెట్టుకున్నారు. అమ్మగారు అన్నారు, "ఉద్యోగంలోంచి రిటైరయ్యారు గానీ బళ్ళోంచి రిటైరవలేదు."

పంపడం ఇంకో పెద్ద తతంగం. అద్దాలకి మామిడిచెక్క పెట్టెలు చేయించాం. అడుగున ఎండుగడ్డి, చుట్టూ ఎండుగడ్డి, అద్దానికి పాత దుప్పటి. లారీ ఆఫీసువాడు "గాజు, ఓనర్స్ రిస్కు" అని రాసి ఎల్.ఆర్. చేతిలో పెట్టాడు. అవి చేరాయని కార్డొచ్చేదాకా మాస్టారికి నిద్ర లేదు. డబ్బాలు కూడా వెళ్ళాయి. ఏ భాగం వెళితే దాని డాల్డా డబ్బా దానితోనే, కాగితం ముక్కతో సహా. తెలుగు రాత కోయంబత్తూరులో ఎవరు చదువుతారని అడిగితే కింద ఇంగ్లీషులో కూడా రాయడం మొదలుపెట్టారు. వణికే చేత్తో. ఒక్కో చీటీకి ఎంతసేపు పట్టేదో.

చివరికి చాసిసూ, కుళ్ళిన తొట్టీ మిగిలాయి. అవి తుక్కుకే. కానీ నంబరున్న చాసిస్‌ని ఊరికే తుక్కులో పడెయ్యకూడదు. ఇప్పటికీ అంతే. బండి ఇక నడవదు, విప్పేశాం అనుకుంటే 1988 చట్టం ప్రకారం 14 రోజుల్లో రిజిస్ట్రేషను ఆఫీసుకి రాసివ్వాలి, ఆర్‌సీ అప్పజెప్పాలి, వాళ్ళు నంబరు కొట్టేస్తారు. ఆ పని ఎవడూ చెయ్యడు. కాగితాలు బీరువాలో ఉంచుకుంటారు, లేదా ఆ తెల్లచొక్కావాడికి ఇస్తారు. మాస్టారు చేశారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారి ముందు దరఖాస్తు పెడితే ఆయన తలెత్తి చూసి, "ఎవరూ ఇలా రారండీ, మాకు అలవాటు లేదు" అన్నాడు. నంబరున్న ముక్క కోసి ఆయన బల్ల మీద పెట్టాం. ఆ కోత నా చేత్తోనే కోశాను. నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. మాస్టారు మాత్రం రసీదు తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, "హోటల్లో ఇడ్లీ తిందామా" అన్నారు.

మొత్తం లెక్క కడితే పెట్టినదాంట్లో మూడో వంతు కూడా రాలేదు. తుక్కువాడు చెప్పినదానికి మాత్రం నాలుగైదు రెట్లొచ్చింది. అందులో నా పని కూలి ఇవ్వబోయారు, నేను తీసుకోలేదు, అమ్మగారు తిట్టి ఇప్పించారు. వెనక సీటు ఎవరూ అడగలేదు. దాన్ని కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళు అరుగు మీద వేసుకున్నారు.

ఇప్పుడైతే లెక్క మారిపోయింది. 2021లో కేంద్రం కొత్త నియమాలు తెచ్చింది. రిజిస్ట్రేషనై 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ కింద విడిగా రిజిస్ట్రేషను ఇస్తారు, నంబరు మధ్యలో వీఏ అని ఉంటుంది. కొత్త రిజిస్ట్రేషనుకి రుసుము 20,000 రూపాయలు. రోజూ తిప్పుకోవడానికి కాదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ. చాసిసూ బాడీ షెల్లూ ఇంజనూ పెద్దగా మార్చకూడదంటారు. దాంతో పాత అసలు సామానుకి గిరాకీ వచ్చింది. ఆనాడు ఊరంతా నవ్విన ముక్కలకి ఇవాళ ఫోటోలు తీసుకుని అడుగుతున్నారు. అయినా ఆ రోజు అమ్మడం తప్పని నేననను. ఆ పాకలో ఇంకో ఇరవై వానాకాలాలు ఉంటే ఏం మిగిలేది?

హైదరాబాదు వెళ్ళాక కూడా మాస్టారికి కార్డులు వస్తూనే ఉన్నాయి. నోటుబుక్కు ఆయన దగ్గరే ఉంది కదా, ఏ ముక్క ఎవరి దగ్గరుందో దేశంలో తెలిసింది ఆయనొక్కరికే. కోయంబత్తూరాయన గేరు రాడ్డు కూర్చునే పైమూత చిట్లిందని రాశాడు. బెంగుళూరాయనకి గేరుబాక్సు లోపలి చక్రాలే కావలసి, పైమూత ఊరికే పడుంది. మాస్టారు ఇద్దరికీ చెరో కార్డు రాసి కలిపారు. బెంగుళూరాయనకి అక్కణ్ణుంచి మీటరు కేబులు కావలసి వచ్చింది. ఆ తరవాత వాళ్ళిద్దరూ ఒకరికొకరు సామాను పంపుకుంటూ స్నేహితులైపోయారట. ఆ పైమూతలో బుష్షు అరిగిపోయి ఉందని, ముందు దాన్ని నా షెడ్డుకి పంపించారు. గన్‌మెటల్ ముక్క లేతు మీద పెట్టి, కొలత చూసి చూసి తిప్పి, రాడ్డు వదులు లేకుండా కూర్చోబెట్టి కోయంబత్తూరు పంపాను. బిల్లు కూడా పెట్టెలోనే పెట్టాను. పైమూత బ్రహ్మాండంగా సరిపోయిందని, గేరు వెన్నలా పడుతోందని ఆయన ఇన్‌లాండు లెటరు నిండా రాశాడు. బిల్లు ఊసు మాత్రం ఎత్తలేదు. మాస్టారికి చెబితే ఆయన నోటుబుక్కులో నా పేరున కూడా ఒక గీత గీసి, "రావలసినది" అని రాసుకున్నారట. అది ఇంకా రావలసే ఉంది.